సోలార్ ఉంది కదా, కరెంటు పోతే ఫ్యాన్ ఎందుకు తిరగట్లేదు? మా 3 కిలోవాట్ ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ రివ్యూ, ఏడాది వాడాక

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఒంటిగంటకి కరెంటు పోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, డాబా మీద 6 ప్యానెళ్ళు తళతళ మెరుస్తున్నాయి, కింద హాల్లో అమ్మ విసనకర్రతో విసురుకుంటోంది. "రెండు లక్షలు పోసి నెత్తిన అద్దాలు పెట్టించావు, ఫ్యాన్ తిరగదేందిరా" అంది. నా దగ్గర సమాధానం ఉంది కానీ చెప్పే మొహం లేదు, ఎందుకంటే సోలార్ వచ్చింది కదా ఇంకెందుకు అని ఎనిమిదేళ్ళ నుంచి మెట్ల కింద నమ్మకంగా పడున్న బ్యాటరీ ఇన్వర్టర్‌ని సంక్రాంతికి వచ్చిన మా బావమరిదికి నేనే ఆటో ఎక్కించి మరీ పంపించా.

మన దగ్గర ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాను, లైటు తిప్పే బ్యాటరీ పెట్టె. సోలార్ వాళ్ళు ఇన్వర్టర్ అనేది వేరే సరుకు, మాది ఆన్‌గ్రిడ్, అంటే ఊరి కరెంటు లైనుకి (గ్రిడ్‌కి) కలిపి నడిచేది. రెండింటికీ ఒకటే పేరు, చేసే పని కూడా సగం ఒకటే, బ్యాటరీ, ప్యానెల్ ఇచ్చే డీసీని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చడం. కానీ ఒకటి కరెంటు పోతే లేస్తుంది, రెండోది కరెంటు పోతే పడుకుంటుంది. ఈ ఒక్క ముక్క మాకు అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు, అందుకే ఈ రివ్యూ.

మాది పల్నాడు వైపు ఊరు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైనప్పుడు మా వీధిలో అందరూ దాని గురించే మాట్లాడారు కానీ ముందు దూకింది నేనే. 540 వాట్ల ప్యానెళ్ళు 6, అంటే 3.24 కిలోవాట్లు, దానికి 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ స్ట్రింగ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ళన్నీ వరసగా కట్టి ఒకే డబ్బాకి కలిపేది), కింద లైన్ నుంచి వచ్చేదీ, లైన్లోకి పోయేదీ రెండూ లెక్కపెట్టే నెట్ మీటరు. డిసెంబర్‌లో బిగించారు. మొత్తం 1,95,000 అయింది, సబ్సిడీ 78,000 బ్యాంకులో పడింది. సబ్సిడీ లెక్క తెలియనివాళ్ళకి, మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, ఆపైన ఎన్ని పెట్టుకున్నా 78,000 దగ్గరే ఆగిపోద్ది. అందుకే ఎక్కడ చూసినా 3 కిలోవాట్లే కనిపిస్తాయి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్ళు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే, డీసీఆర్ అంటారు, అవే ఉండాలి. అవి మామూలువాటికంటే ఖరీదెక్కువ కాబట్టి కొటేషన్ చూసి గుండె జారిపోవద్దు.

కంపెనీ పేరు ఏంటని అడుగుతారని తెలుసు. చెప్పను. అందులో పెద్ద రహస్యమేం లేదు, ఏడాది తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే మేం పడ్డ బాధల్లో ముప్పావు వంతు ఆ ఇన్వర్టర్ డబ్బా వల్ల కాదు, దానికి తగిలించిన వైర్ల వల్ల, తగిలించినవాళ్ళ వల్ల. మీరు ఏ పేరున్న కంపెనీది కొన్నా ఇవే గొడవలు మీకూ రావొచ్చు.

ముందు డబ్బా గురించి. గోడకి తగిలించే అట్టపెట్టె సైజు, వెనకాల అల్యూమినియం రెక్కలు, లోపల ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. పొద్దున్నే కాఫీ పట్టుకుని డాబా మీద మెట్ల గదిలోకెళ్ళి దీన్ని చూడటం కొన్నాళ్ళు నాకు పిచ్చిలా పట్టింది. ఆరూ పావు అలా ప్యానెళ్ళ మీద ఇంకా ఎండ పడకముందే స్క్రీన్ వెలుగుద్ది, డీసీ వోల్టేజీ 100 దాటగానే నిద్రలేస్తుందన్నమాట, లేచి వెంటనే పనిలోకి దిగదు. స్తంభం నుంచి వచ్చే కరెంటు సరిగ్గా ఉందా, వోల్టేజీ ఎంత, 50 హెర్ట్జ్ ఉందా అని ఒక నిమిషం పాటు చూసుకుంటుంది, స్క్రీన్ మీద 60, 59, 58 అని అంకెలు తగ్గుతాయి. సున్నాకి రాగానే లోపల రిలే, అంటే తనంతట తానే పడే స్విచ్చు, "టక్" మంటది. ఆ టక్ వినపడిందంటే మన డాబా కరెంటు ఊరి కరెంటులో కలిసినట్టు. మొదట్లో 40 వాట్లు, 60 వాట్లు, తొమ్మిదింటికల్లా 1,500 దాటుద్ది.

లోపల జరిగేది నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక్కో ప్యానెల్ 41, 42 వోల్టుల దగ్గర బాగా పనిచేస్తుంది, ఆరింటిని వరసగా కలిపితే 250 వోల్టుల డీసీ. ఎండని బట్టి, వేడిని బట్టి ఏ వోల్టేజీ దగ్గర ఎక్కువ వాట్లు వస్తాయో అది మారుతూ ఉంటది, దాన్ని వెతుక్కుంటూ కొంచెం పైకి కొంచెం కిందకి జరిపి చూసే భాగం ఒకటి, దాన్నే ఎంపీపీటీ అంటారు. తర్వాత ఆ డీసీని ఇంకా పైకి లేపుతుంది, 360, 400 అలా. ఎందుకంటే మనం 230 వోల్టులు అనుకునే ఏసీ అల అసలు శిఖరం 325 వోల్టులు, దానికంటే ఎత్తులో డీసీ లేకపోతే ఆ అలని గీయలేదు. చివర్లో నాలుగు స్విచ్చులు, చేత్తో వేసే స్విచ్చులు కాదులెండి, సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ అయ్యే ట్రాన్సిస్టర్లు, అవి ఆ డీసీని సన్నసన్న ముక్కలుగా కోసి అటూ ఇటూ తిప్పి పంపితే, కాయిల్, కెపాసిటర్ కలిసి ఆ ముక్కల్ని నున్నగా చేసి సైన్ వేవ్‌గా మారుస్తాయి. నున్నగా అని ఎందుకంటున్నానంటే మా పాత బ్యాటరీ పెట్టె చవకలో కొన్న స్క్వేర్ వేవ్ ది, దాని అల నున్నగా కాక డబ్బాల్లా ఉంటది, దాని మీద ఫ్యాన్ తిరిగితే రాత్రంతా గుయ్ మని తుమ్మెద దూరినట్టు ఉండేది. సోలార్ కరెంటుకి ఆ బాధ లేదు, మిక్సీ, ఫ్రిజ్, ఏసీ దేనికీ తేడా తెలియదు. ఇంత కోసి కుట్టినా దారిలో పోయేది 2, 3 శాతమేనంట, ఇన్వర్టర్ ఎఫిషియెన్సీ 97 అని కాగితం మీద ఉంది. నేను డీసీ వాట్లు, ఏసీ వాట్లు స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూశా, మధ్యాహ్నం పూట అంతే ఉంది. అబద్ధం రాయలేదు.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకి వద్దాం. ఈ డబ్బా సొంతంగా అల వెయ్యదు, ఊరి కరెంటు అలని చూసి దాని అడుగులో అడుగేస్తుంది. చూడటానికి అల లేకపోతే ఆగిపోద్ది. అది చేతకాక కాదు, కావాలని అలా పెట్టారు. కరెంటు పోయిన 2 సెకన్లలోపే ఇది ఆగిపోవాలని రూలు, యాంటీ ఐలాండింగ్ అంటారు. ఎందుకనేది మా లైన్‌మన్ అన్న ఒక్క ముక్కలో చెప్పాడు. "లైన్ కట్ చేసుకుని నేను స్తంభం ఎక్కుతా సార్, మీ డాబా మీద నుంచి కరెంటు వెనక్కొస్తే నా సంగతేంది?" అన్నాడు. ఆ మాట అమ్మకి చెప్తే కాసేపు ఆలోచించి, "సరేలే, పాపం ఆ అబ్బాయి చల్లగుండాలి, నువ్వు మాత్రం ఆ పాత పెట్టె ఎట్టా ఇచ్చావురా" అంది. బావమరిదికి ఫోన్ చేసి పెట్టె వెనక్కి అడగడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి, ఆ కథ వద్దు.

దీనికంటే ముందు మమ్మల్ని అసలు ఏడిపించింది జనవరి. బిగించిన మూడు నాలుగు వారాలు బానే ఉంది. పండగ తర్వాత యాప్‌లో చూస్తే రోజుకి 12 యూనిట్లు రావాల్సింది 8, ఒక్కోరోజు 7. ఆకాశం అద్దంలా ఉంది, మబ్బు లేదు, మరి ఎటు పోయింది అని గ్రాఫ్ తీసి చూస్తే పొద్దున చక్కగా కొండలా ఎక్కుతోంది, పదకొండు నుంచి రెండున్నర దాకా మాత్రం దువ్వెన పళ్ళలా ఉంది, పైకి, సున్నాకి, పైకి, సున్నాకి. మెట్ల గదిలో కూర్చుని కనిపెట్టా. 2,700 వాట్ల దాకా పోతుంది, ఎర్ర లైటు, "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్" అని పడుతుంది, టక్. మళ్ళీ 60 నుంచి లెక్క, మళ్ళీ టక్, ఎక్కడం, మళ్ళీ పడిపోవడం. గంటలో పన్నెండు సార్లు లెక్కపెట్టా.

బిగించినవాళ్ళకి ఫోన్ చేస్తే "లైన్‌లో వోల్టేజీ ఎక్కువ సార్, కరెంటాఫీసుకి చెప్పండి" అన్నారు. నాలుగుసార్లు చేస్తే ఒక కుర్రాడిని పంపారు, అతను వచ్చి ఇన్వర్టర్‌లో పాస్‌వర్డ్ కొట్టి లిమిట్ 270 వోల్టులు చేసేస్తా, ఇంక ట్రిప్ అవ్వదు అన్నాడు. ఇక్కడ నేను ఆపా. 230 కి 10 శాతం ఎక్కువంటే 253, దాని మీద ఇది ఆగిపోవడం తప్పు కాదు, ఆగకుండా చేస్తే ఆ ఎక్కువ వోల్టేజీ తినేది నా ఫ్రిజ్, నా టీవీ. జ్వరం వస్తే థర్మామీటర్ పగలగొట్టినట్టు ఉంది ఆ వైద్యం.

మా బాబాయ్ రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి మానేశాడు. ఆయన ఒక ఆదివారం క్లాంప్ మీటర్ జేబులో వేసుకుని వచ్చి ఏం మాట్లాడకుండా మూడుచోట్ల వోల్టేజీ చూశాడు. ఇన్వర్టర్ దగ్గర 254. కింద గేటు పక్కన మీటర్ దగ్గర 249. తర్వాత సోలార్ ఎంసీబీ స్విచ్చు దించేసి, ఇంట్లో అన్నీ ఆపించి మళ్ళీ మీటర్ దగ్గర చూస్తే 244. "స్తంభం మీద ఉంది 244 రా అబ్బాయ్, మిగతా పది వోల్టులు నీ వైర్లలో పుట్టింది" అన్నాడు.

నాకు మొదట ఎక్కలేదు. వైర్లో వోల్టేజీ తగ్గుద్ది అని తెలుసు, పెరగడం ఏంది? బాబాయ్ చెప్పింది ఏంటంటే కరెంటు మనవైపు వస్తుంటే స్తంభం ఎత్తు, మన ఇల్లు పల్లం, దారిలో వోల్టేజీ పడిపోద్ది. ఇప్పుడు కరెంటు మన దగ్గర నుంచి స్తంభానికి పోతోంది కాబట్టి ఎత్తు మనవైపు ఉండాలి, లేకపోతే అటు పారదు. వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే ఇంకా ఎత్తు లేపాల్సొస్తుంది. 3,000 వాట్లు అంటే 240 వోల్టుల దగ్గర 12.5 ఆంపియర్లు. ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా 30 మీటర్లు, వాళ్ళు వేసింది 2.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు, వైరు లావు కొలత) రాగి వైరు. కరెంటుకి దాని అడ్డు (రెసిస్టెన్స్) కిలోమీటరుకి 7.4 ఓములు, పోనూ రానూ 60 మీటర్లంటే 0.44, ఇంటూ 12.5, అయిదున్నర వోల్టులు. మీటర్ నుంచి స్తంభం దాకా 25 మీటర్లు, నాన్న ఇల్లు కట్టినప్పుడు లాగిన 4 ఎస్‌క్యూ ఎంఎం అల్యూమినియం సర్వీసు వైరు, అక్కడ ఇంకో నాలుగున్నర. మొత్తం పది. మీటర్ చూపించింది, లెక్క చెప్పింది ఒకటే అయ్యేసరికి బాబాయ్ మొహంలో వెలుగు చూడాలి, మిల్లు మానేశాక ఆయన్ని ఎవరూ లెక్క అడిగి ఉండరు.

ఈ గొడవ చలికాలంలోనే ఎందుకొచ్చిందంటే పగలు ఊళ్ళో ఏసీలు నడవవు, లోడు తక్కువ, స్తంభం దగ్గరే వోల్టేజీ కాస్త ఎక్కువగా ఉంటది. దాని మీద మన పది కలిస్తే గీత దాటేస్తుంది. మనకేమో చల్లగా ఉండి ప్యానెళ్ళు బాగా పనిచేసేది కూడా అప్పుడే.

ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా 6 ఎస్‌క్యూ ఎంఎం రాగి వేయించా, సర్వీసు వైరు 10 ఎస్‌క్యూ ఎంఎం అల్యూమినియంకి మార్పించా, దానికి ఆఫీసులో చెప్తే లైన్‌మన్ అన్న వచ్చి స్తంభం మీద పాత జాయింటు కూడా విప్పి చూపించాడు, నల్లగా బూజు పట్టినట్టుంది. వైరు, కూలి అన్నీ కలిపి 9,000 చిల్లర. బిగించినవాళ్ళు రూపాయి ఇవ్వలేదు, "మా స్కోపులో లేదు" అన్నారు, వాళ్ళు వేసిన సన్న వైరు కూడా వాళ్ళ స్కోపులో లేదంట! ఇప్పుడు మధ్యాహ్నం నిండు ఎండలో ఇన్వర్టర్ దగ్గర 248. ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఈరోజు దాకా ఓవర్ వోల్టేజ్ అని ఒక్కసారి కూడా పడలేదు. ఇదంతా కొటేషన్ రోజు ఒక్క మాట అడిగి ఉంటే తప్పేది, ఏసీ వైపు కేబుల్ ఎంత సైజు వేస్తారు అని. ప్యానెల్ వాట్లు, వారంటీ ఏళ్ళు అందరూ అడుగుతారు, దీన్ని ఎవరూ అడగరు.

అడగాల్సింది ఇంకోటి ఉంది. ఇన్వర్టర్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద డీసీ ఇన్‌పుట్ కరెంటు ఎంత అని ఉంటుంది. మా ప్యానెల్ నిండు ఎండలో 13 ఆంపియర్లు ఇస్తుంది. మొదట తెచ్చిన డబ్బా మీద 12.5 అని ఉంది, పాత మోడల్, చిన్న ప్యానెళ్ళ కాలం నాటిది, గోడౌన్‌లో మిగిలిపోయినట్టుంది. పెడితే పేలదు, పైన ఉన్న కాస్త కరెంటు తీసుకోదంతే, పెద్ద నష్టం కూడా కాదు. కానీ అదే డబ్బుకి 16 ఆంపియర్ల మోడల్ వస్తుంటే ఇదెందుకు? బిగించకముందే చూశా కాబట్టి మార్చి తెచ్చారు, బిగించాక అయితే మార్చేవాళ్ళు కాదు.

ఎక్కడ తగిలించాలనే దగ్గర కూడా పంచాయితీ అయింది. వాళ్ళకి పడమటి గోడ సులువు, వైరు తక్కువ పడుద్ది. ఐపీ 65 సార్, వాన పడ్డా ఏం కాదు అన్నారు. వాన గురించి కాదు నా భయం, రెంటచింతల ఎండలు తెలిసినవాళ్ళెవరైనా మే నెల మూడింటికి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. 45 డిగ్రీలు దాటితే చాలా ఇన్వర్టర్లు తమని తాము కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తాయి, పైగా లోపలి కెపాసిటర్లకి వేడే శత్రువు. మెట్ల గదిలో, రెండువైపులా గాలి ఆడేచోట, చుట్టూ అడుగున్నర ఖాళీ వదిలి పెట్టించా. దాని వల్లే వైరు 30 మీటర్లయింది, అది వేరే సంగతి, పొడుగు పెరిగినప్పుడు లావు కూడా పెంచాలని ఎవరికీ తట్టలేదు. కొంతమంది అందంగా ఉండదని చెక్క బీరువాలో పెట్టి తలుపు వేస్తున్నారు. దయచేసి వద్దు.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకుంటాం కదా, ఏడాది లెక్క చూస్తే అలా లేదు. ఒక్కరోజులో ఎక్కువ వచ్చింది మార్చిలో, 15.6 యూనిట్లు. మే నెలలో 13 దాటితే గొప్ప. ప్యానెల్ మీద రాసిన 540 వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట, ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ 0.35 శాతం దాకా తగ్గుతుంది. మేలో గాలి 45 ఉంటే ప్యానెల్ 65, 70 దాకా పోద్ది, అక్కడే 15 శాతం గోవిందా. ఆ నెలలో మా డబ్బా మధ్యాహ్నం ఒక్కరోజు కూడా 2,600 వాట్లు దాటలేదు. అదే ఆగస్టులో వాన వెలిసి మబ్బుల సందులోంచి ఎండ పొడుచుకొచ్చిన ఒక మధ్యాహ్నం సరిగ్గా 3,000 కొట్టి గ్రాఫ్ తల మీద గీత గీసినట్టు ఆగింది, అంతకంటే డబ్బా ఇవ్వలేదు కాబట్టి. ముసురు పట్టిన రోజుల్లో 4 యూనిట్లు, తుపాను రోజు ఒకటిన్నర. ఏడాది సగటు మాత్రం రోజుకి 12 దగ్గర ఉంది, కిలోవాట్‌కి 4 యూనిట్లు అని అందరూ చెప్పే లెక్క నిజమే.

నీడ గురించి. పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టు నీడ చలికాలంలో మూడున్నరకి ఒక ప్యానెల్ మూల మీదకి వస్తుంది. ఒక మూలేగా అనుకున్నా. ఆరూ వరసగా కట్టినవి కాబట్టి ఒకదాంట్లో కరెంటు తగ్గితే మిగతా అయిదూ దాని కోసం తగ్గాల్సిందే, జోడెద్దుల్లో ఒకటి కుంటితే రెండోది ఎంత బలమైనదైనా బండి కుంటిదాని నడకే నడుస్తుంది. ప్యానెల్ వెనక మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, నీడ పడ్డ భాగాన్ని పక్కన పెట్టి దాటేస్తాయి కాబట్టి బండి మొత్తం ఆగదు, ఆ ప్యానెల్‌లో మూడో వంతు పోతుంది. మాకు రోజుకి పావు గంట గొడవ, వదిలేశా. మీకు సగం రోజు నీడ ఉంటే ప్యానెల్‌కొక చిన్న ఇన్వర్టర్ పెట్టే మైక్రో ఇన్వర్టర్లు అడగండి, ఖర్చు బాగా ఎక్కువ, ముందు చెట్టు యజమానితో మాట్లాడుకోవడం చవక.

ఇన్వర్టర్ లెక్కని ఫోన్ యాప్‌కి పంపే వైఫై డాంగిల్ దరిద్రం. 2.4 గిగాహెర్ట్జ్ తప్ప పట్టుకోదు, రౌటర్ పాస్‌వర్డ్ మార్చినా, పేరు మార్చినా మళ్ళీ మొదటికి. నెలకోసారి అలుగుతుంది. యాప్‌లో లేకపోయినా డబ్బా లోపల లెక్క ఉంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు, రెండు నక్షత్రాలు.

డబ్బుల సంగతి. మాకు వేసవిలో 430 యూనిట్లు అలా కాలేది. మన దగ్గర శ్లాబు 225 దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75, అన్నీ కలిపి మూడు వేలు దాటి వచ్చేది. పోయిన ఏప్రిల్‌లో సోలార్ 405 యూనిట్లు తయారు చేసింది. అందులో 201 మేమే పగలు వాడేసుకున్నాం, 204 లైన్లోకి పోయాయి, రాత్రిళ్ళు లైన్ నుంచి 262 తీసుకున్నాం. బిల్లులో నికరం 58 యూనిట్లు, మూడొందల లోపు. చూడండి, ఇంట్లో వాడకం 463 కి పెరిగింది, ఎవరికీ తెలియకుండానే ఏసీ అరగంట ముందు ఆన్ అవుతోంది. నెట్ మీటర్ స్క్రీన్ మీద ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు రెండే కనపడతాయి, మనం నేరుగా వాడుకున్నది అందులో రాదు, అది ఇన్వర్టర్ లెక్కలోంచి తీసుకోవాలి. చాలామంది ఎక్స్‌పోర్టు చూసి ఇంతేనా తయారైంది అని గొడవ పడుతున్నారు.

ఇంతకీ పాత బ్యాటరీ పెట్టె తిరిగొచ్చింది, అది కూడా కలిపే ఉంది ఇప్పుడు. దీని దగ్గర ఒక జాగ్రత్త, ఎలక్ట్రీషియన్‌కి తెలుసులే అని వదిలేయొద్దు. సోలార్ ఇన్వర్టర్ లైను ఎప్పుడూ మెయిన్ బోర్డులో, బ్యాటరీ పెట్టెకి ముందు కలవాలి. పొరపాటున బ్యాటరీ పెట్టె అవుట్‌పుట్ వైపు కలిపితే కరెంటు పోయినప్పుడు ఆ పెట్టె అలని చూసి ఇదే ఊరి కరెంటు అనుకుని సోలార్ దాంట్లోకి తోసే ప్రమాదం ఉంది, వెనక్కి తీసుకునే ఏర్పాటు దానికి ఉండదు, పెట్టె మాడిపోవచ్చు, బ్యాటరీ ఉబ్బొచ్చు. మాకు కలపడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు సరిగ్గా అక్కడే కలపబోయాడు, బాబాయ్ వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాడు.

మరి బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ సోలార్ ఇన్వర్టర్ పెడితే ఈ గొడవంతా పోయేది కదా అంటారు. మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో పెట్టించాడు, 51.2 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీతో, అంటే 5 యూనిట్ల నిల్వ. కరెంటు పోతే అది లైన్ నుంచి విడిపోయి సొంత అల వేసుకుంటుంది, ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు. నేనెళ్ళినప్పుడు చూశా, టీవీ కూడా ఆగలేదు, కాస్త కుళ్ళు పుట్టిన మాట నిజమే. కానీ బ్యాటరీతో కలిపి వాడికి మా ఖర్చుకి దగ్గర దగ్గర రెండింతలు అయింది, అన్ని గదులూ దాని మీద నడవవు, బ్యాకప్ లైనులో వేసినవే నడుస్తాయి. మా ఊళ్ళో కరెంటు రోజుకి అరగంట పోతే ఎక్కువ, దానికి బావమరిది దయతో వచ్చిన 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ చాలు. మీ దగ్గర మూడు నాలుగు గంటలు పోతుంటే, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ లాంటివి వాడేవాళ్ళు ఉంటే, హైబ్రిడ్డే తీసుకోండి, నాలా సగం తెలుసుకుని దిగొద్దు.

డబ్బాకి నా మార్కులు 5 కి 4, ఒకటి వైఫై కోసం కోశా. బిగించినవాళ్ళకి 2, అదీ ఎర్తింగ్ గుంతలు మూడూ నా కళ్ళముందే నిజంగా తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి పూడ్చారు కాబట్టి. మే నెలలో ఒక రాత్రి పిడుగు పడి వీధిలో రెండిళ్ళ టీవీలు పోయాయి, మాకు సోలార్ ఏసీ బాక్సులో ఉన్న సర్జ్ ముక్క, పిడుగు లాంటి వోల్టేజీ పోటుని అదే మింగుద్ది, ఒకటి ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారింది, అంతే. అది మార్చడానికి రూ. 900.

ఈ రివ్యూ రాస్తుంటే ఎదురింటి పెద్దనాన్న వచ్చి కూర్చున్నాడు, ఆయనా ఇప్పుడు 3 కిలోవాట్లు పెట్టిస్తున్నాడంట, కొటేషన్ కాగితం తెచ్చి చూడమన్నాడు. రెండు పేజీలు, ప్యానెల్ వారంటీ గురించే పది లైన్లు. ఏసీ కేబుల్ దగ్గర "తగిన సైజు" అని మాత్రమే ఉంది. బాబాయ్‌కి ఫోన్ చేశా. ఇప్పుడు ఆ ఇద్దరూ ఎదురింటి గేటు దగ్గర మీటర్ నుంచి డాబా దాకా నూలుతాడు పట్టుకుని కొలుస్తున్నారు, కొస పట్టుకోవడానికి నన్ను రమ్మంటున్నారు.